ఐదున్నరా, కాళీ చారా? స్కేళ్లకి పేర్లు పెట్టడంలో తిప్పలు

కార్తీక మాసం సాయంత్రాలు బరంపురంలో ఏదో ఒక భజన మందిరంలో ఇది జరుగుతూనే ఉంటుంది. పాడే ఆవిడ తెలుగావిడ, పాఠం విజయనగరం వైపు నేర్చుకున్నావిడ, "ఐదున్నర పెట్టండి బాబూ" అంటుంది. హార్మోనియం పెట్టె దగ్గర కూర్చున్నది ఒడియా ఆయన, నేర్చుకున్నది హిందుస్తానీ పద్ధతిలో, ఒక్క క్షణం ఆగి "కాళీ చార్ కదా అమ్మా" అంటూ నాలుగో నల్ల మెట్టు మీద వేలు పెడతాడు. ఆవిడ తల ఊపుతుంది, భజన మొదలైపోతుంది.

తెల్ల మెట్ల దగ్గర ఇద్దరికీ పేచీ లేదు, ఒకటి అంటే సఫేద్ ఎక్, ఐదు అంటే సఫేద్ పాంచ్. నల్ల మెట్ల దగ్గరే లెక్కలు వేరవుతాయి. మన వైపు ఒకటికీ రెండుకీ మధ్యది ఒకటిన్నర, అలా రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర. వాళ్ల వైపు నల్లవాటికి విడిగా ఒకటి నించి ఐదు దాకా వరుస నంబర్లు. మన లెక్కలో మూడున్నర అనేది లేదు, ఎందుకంటే మూడుకీ నాలుగుకీ మధ్య నల్ల మెట్టు లేదు, కొత్తగా నేర్చుకునే పిల్లలు అడిగే మొదటి ప్రశ్నే అది, కాళీ పద్ధతిలో నేర్చుకున్న పిల్లలకి అసలు ఆ డౌటే రాదు. ఒకరు మెట్టు ఎక్కడ ఉందో చెప్తున్నారు, ఇంకొకరు అది ఎన్నోదో చెప్తున్నారు, మెట్టు మాత్రం ఒక్కటే.

పన్నెండు మెట్ల దగ్గరే ఇంత తర్జుమా పని ఉంటే సప్తకాన్ని (సా నించి పై సా దాకా ఉన్న దూరాన్ని) 22 గానో 31 గానో 53 గానో కోసుకునే వాళ్ల పరిస్థితి ఏంటి అన్నది ఇక్కడి విషయం. మైక్రోటోనల్ అని పిలిచే సంగీతం అదే, పియానో పన్నెండు స్థానాల మధ్య సందుల్లో ఉండే స్వరాలతో పని చేసేది. అక్కడ స్వరాలు దొరకడం పెద్ద కష్టం కాదు, ఇప్పుడు ఫోన్‌లో కూడా వస్తాయి, వాటితో కట్టిన స్కేళ్లని ఏమని పిలవాలి అన్నదే అసలు గొడవ.

ముందు ఎన్ని ఉన్నాయో లెక్క చూస్తే గొడవ ఎందుకో తెలుస్తుంది. పన్నెండు స్థానాల్లో సా ఖాయం, మిగతా పదకొండూ ఉంటే ఉండొచ్చు లేకపోతే లేకపోవచ్చు అనుకుంటే మొత్తం 2048 స్కేళ్లు వస్తాయి. పాడటానికి పనికిరానివి తీసేసినా చాలానే మిగుల్తాయి గానీ కూర్చుంటే ఒక పుస్తకంలో పట్టేస్తాయి. అదే లెక్క 22 స్థానాలకి వేస్తే దాదాపు 21 లక్షలు, 31 కి వేస్తే 107 కోట్లు దాటిపోతుంది, 53 కి వేస్తే నలభై ఐదు కోటి కోట్లు. ఇన్నింటికి కళ్యాణి, మోహన అని ముద్దుగా పేర్లు పెట్టుకుంటూ పోవడం ఏ భాష తరం కాదు. కాబట్టి పేరు పెట్టడానికి ఏదో ఒక పద్ధతి కావాలి, ఆ పద్ధతి ఏది అన్న దగ్గరే మనుషులు విడిపోతారు.

అన్నిటికంటే సూటి పద్ధతి కొలత చెప్పేయడం. 1885 లో అలెగ్జాండర్ ఎల్లిస్ అనే ఇంగ్లీషాయన సప్తకాన్ని 1200 సెంట్లుగా విడగొట్టి రకరకాల దేశాల స్కేళ్లని ఆ కొలతలో రాశాడు, పియానో మీద పక్కపక్క మెట్ల మధ్య దూరం కచ్చితంగా 100 సెంట్లు. శంకరాభరణాన్ని తంబురాకి కలిసేలా పాడితే రమారమి 0, 204, 386, 498, 702, 884, 1088 అని రాసుకోవచ్చు. ఇందులో తప్పు ఏమీ లేదు, పేరు కూడా ఏమీ లేదు. మనిషిని ఆధార్ నంబర్‌తో పిలిచినట్టు ఉంటుంది.

ఇంకో నంబర్ పద్ధతి ఉంది, కంప్యూటర్ తెలిసిన వాళ్లకి బాగా నచ్చేది. ఒక్కో స్థానానికి ఒక్కో విలువ, మొదటిదానికి 1, తర్వాతదానికి 2, తర్వాత 4, 8, అలా రెట్టింపు చేసుకుంటూ పోయి స్కేల్లో ఉన్న స్వరాల విలువలు కూడితే వచ్చేదే ఆ స్కేల్ నంబర్. శంకరాభరణం 2741, మధ్యమాన్ని ఒక మెట్టు పెంచి (దాన్నే ప్రతి మధ్యమం అంటారు) కళ్యాణి చేస్తే 2773, మాయామాళవగౌళ 2483, అయిదు స్వరాల మోహన 661. ఒక్కో స్కేల్‌కి ఒక్కటే నంబర్, నంబర్ చూసి స్వరాలు బయటికి తీసేయొచ్చు, అస్సలు కన్ఫ్యూజన్ లేదు. కానీ అదే శంకరాభరణాన్ని 31 స్థానాల మీదికి తీసుకెళ్తే నంబర్ 27,70,95,457 అవుతుంది. పాట మాత్రం మారలేదు, చెవికి అది శంకరాభరణమే, గాంధారం ఇంకా కొంచెం తియ్యగా ఉంటుంది అంతే. నంబర్ చూస్తే మాత్రం ఈ రెండూ ఒకే ఇంటివని ఎవరూ కనిపెట్టలేరు.

ఈ చిక్కుని మన వాళ్లు ఎప్పుడో చూశారు, సగం తీర్చారు కూడా. 72 మేళకర్తల (ఏడు స్వరాల తల్లి రాగాల) లెక్క 17వ శతాబ్దంలో తంజావూరులో వెంకటమఖి వేశాడు, ఆ లెక్కకి, అక్షరాలకి అంకెలు కట్టే కటపయాది సూత్రం ప్రకారం పేర్లు కుదర్చడం ఆయన తర్వాతి వాళ్లు చేశారు. సూత్రం తెలిసినదే, క, ట, ప, య నాలుగూ 1 నించి మొదలవుతాయి, ట నించి లెక్కపెడితే ధ తొమ్మిదోది, య నించి లెక్కపెడితే ర రెండోది. ధీరశంకరాభరణంలో మొదటి రెండు అక్షరాలు ధీ, ర. 9, 2, తిరగేస్తే 29. ఇక 29 దొరికితే మిగతాదంతా దానంతట అదే వస్తుంది, 36 లోపు కాబట్టి శుద్ధ మధ్యమం, ఆరేసి చొప్పున పంచితే అయిదో చక్రం, అంటే చతుశ్రుతి రిషభం అంతర గాంధారం, ఆ చక్రంలో అయిదోది అంటే చతుశ్రుతి ధైవతం కాకలి నిషాదం. చక్రాల పేర్లలో కూడా అంకెలే దాక్కున్నాయి, ఇందు అంటే చంద్రుడు ఒక్కడు, నేత్ర రెండు, అగ్ని మూడు, వేద నాలుగు, బాణ అయిదు, అలా ఆదిత్య పన్నెండు దాకా.

ఇందులో అసలు తెలివి ఎక్కడుందంటే పాత పేరుని పారేయకపోవడంలో. శంకరాభరణం అన్న పేరు జనం నోళ్లలో ముందే ఉంది, దాన్ని తీసేసి నంబర్ తగిలిస్తే ఎవరూ ఒప్పుకోరు, అందుకని ముందు ధీర తగిలించారు. కళ్యాణికి మేచ (5, 6, తిరగేస్తే 65), తోడికి హనుమ (8, 0, తిరగేస్తే 08), మాళవగౌళకి మాయా (5, 1, తిరగేస్తే 15). అచ్చంగా ఇంటిపేరు పద్ధతి ఇది, ముందు ఇంటిపేరు అది ఏ వీధో చెప్తుంది, వెనక అసలు పేరు మనిషి ఎవరో చెప్తుంది. (బరంపురంలో తెలుగు వాళ్లకి ఇది ఇంకో రకంగా తెలుసు, ఇంట్లో ఇంటిపేరు ముందు, స్కూల్ ఫారంలో పక్కింటి పాత్రో గారిలాగా సాహు గారిలాగా చివరికి పోతుంది, తర్వాత పాస్‌పోర్ట్ దగ్గర తేడా వచ్చి తిరగడం.)

అయితే సూత్రం ఎంత గట్టిదో అంత వంకర కూడా ఉంది. చక్రవాకంలో క్ర ఉంది కదా, సంయుక్తాక్షరంలో చివరి హల్లే లెక్కలోకి తీసుకోవాలంటే ర, 2, అప్పుడు 26 రావాలి. చక్రవాకం 16, అంటే క నే తీసుకున్నారు, 26 చారుకేశిది. పోనీ మొదటి హల్లు తీసుకోవాలా అంటే రత్నాంగి అడ్డం వస్తుంది, అక్కడ త్న లో చివరిదైన న తీసుకుంటేనే సున్నా వచ్చి 02 అవుతుంది. దివ్యమణి 48 కి మళ్లీ వ్య లో మొదటిది. కాబట్టి పేరు చూసి నంబర్ కట్టే వాడికి ఆ నంబర్ ముందే కొంచెం తెలిసి ఉండాలి. ఇది తప్పు పట్టడానికి కాదు, పేరు పలకడానికి బాగుండాలి, లెక్క కూడా కుదరాలి అని రెండూ పట్టుకుంటే ఎక్కడో ఒకచోట చెయ్యి జారుతుంది.

ఇక్కడ ఒక తమాషా. మైక్రోటోనల్ వాళ్లు వాడే ట్యూనింగుల్లో ఒకదాని పేరు ఆర్వెల్. ఆ రచయితకీ సంగీతానికీ సంబంధం ఏంటి అని వెతికితే తేలేది ఏంటంటే, సప్తకాన్ని 84 సమాన భాగాలు చేసి అందులో 19 భాగాల దూరాన్ని (సుమారు 271 సెంట్లు) ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోతే ఆ ట్యూనింగ్ వస్తుంది. 19, 84. ఆయన నవల పేరు 1984. అంతే. తంజావూరు పేరు కూడా వినకపోయినా పేరులో నంబర్ దాచాలన్న సరదా మాత్రం అచ్చం ఒకటే, తేడా అల్లా కటపయాదికి తాళం చెవి అందరి దగ్గరా ఉంది, ఆర్వెల్‌కి ఆ కథ ఎవరో చెప్తే తప్ప తెలీదు. ముళ్లపంది అని అర్థం వచ్చే పోర్కుపైన్ అనే ట్యూనింగ్ కూడా ఉంది, ఒక స్వరకర్త తన ముక్కకి పెట్టుకున్న పేరు నించి వచ్చింది, అందులో నంబర్ కూడా లేదు. బోలెన్-పియర్స్ అయితే కనిపెట్టిన ఇద్దరి పేర్లు, ఒకాయన 1972 లో, ఇంకొకాయన 1984 లో, ఒకరి సంగతి ఒకరికి తెలీకుండానే. పైగా అందులో సప్తకం రెట్టింపు దగ్గర తిరగదు, మూడు రెట్ల దగ్గర తిరుగుతుంది, ఆ మూడు రెట్లని పదమూడు భాగాలు చేస్తారు, ఒక్కోటి 146 సెంట్ల పైన. ఇంత వింత సంగతి ఆ పేరులో ఒక్క ముక్క కూడా కనపడదు.

చిరునామా బాగా చెప్పే పేరు చుట్టరికం చెప్పలేదు, మేళకర్త నంబర్ల పెద్ద లోటు ఇదే. గ్రహభేదం నేర్చుకున్న వాళ్లకి తెలుసు, శంకరాభరణంలో స్వరాలని కదపకుండా ఉంచి రిషభాన్ని సా అనుకుని పాడితే ఖరహరప్రియ, గాంధారం నించి తోడి, మధ్యమం నించి కళ్యాణి, పంచమం నించి హరికాంభోజి, ధైవతం నించి నఠభైరవి. నిషాదం నించి పాడితే పంచమం దొరకదు కాబట్టి అది మేళకర్త కాదు. ఆరూ ఒకే తల్లి పిల్లలు, వాటి నంబర్లు 29, 22, 8, 65, 28, 20. అన్నదమ్ములు ఆరుగురు ఆరు ఊళ్లలో ఉన్నట్టు, అడ్రసులు చూసి వీళ్లు ఒక ఇంటి వాళ్లని ఎవరంటారు.

మైక్రోటోనల్ వాళ్లు పట్టుకున్నది ఈ చుట్టరికాన్నే. ఎర్వ్ విల్సన్ అనే అమెరికన్ 1975 లో చెప్పిన ఊహ ఇది, ఒకే దూరాన్ని పేర్చుకుంటూ పోతే కొన్ని చోట్ల స్కేల్లో అడుగులు (పక్కపక్క స్వరాల మధ్య దూరాలు) సరిగ్గా రెండే సైజులకి సర్దుకుంటాయి, పెద్దవి చిన్నవి. శంకరాభరణం పెద్ద పెద్ద చిన్న పెద్ద పెద్ద పెద్ద చిన్న. అయిదు పెద్ద, రెండు చిన్న. ఇంగ్లీషులో పెద్దదానికి ఎల్, చిన్నదానికి ఎస్ పెట్టి ఐదు ఎల్ రెండు ఎస్ అని రాస్తారు. ఆ ఒక్క ముక్కలోకి పైన చెప్పిన ఆరు మేళాలూ వచ్చేస్తాయి, వెలి వేసిన నిషాదం పిల్ల కూడా వస్తుంది. ఇంకా బాగున్నది ఏంటంటే పెద్ద అడుగు ఎంత, చిన్న అడుగు ఎంత అన్నది చెప్పకుండా వదిలేశారు. పెద్దది 2 చిన్నది 1 అయితే మొత్తం 12, మన హార్మోనియం. 3, 2 అయితే 19. 5, 3 అయితే 31. 4, 1 అయితే 22. 9, 4 అయితే 53. ఇందాక 2741 కాస్తా 27 కోట్లయి కూర్చుంది కదా, ఈ పేరులో మాత్రం ఏ ట్యూనింగ్‌కి వెళ్లినా అది ఐదు ఎల్ రెండు ఎస్సే.

మోహన కూడా ఇలాగే కుదురుతుంది, రెండు పెద్ద మూడు చిన్న. దాని గ్రహభేదం పిల్లలు మధ్యమావతి, హిందోళం, శుద్ధ సావేరి, శుద్ధ ధన్యాసి, అయిదూ ఒకే గొడుగు కింద. చిన్నప్పుడు వీణ మీద సా మార్చి మార్చి వాయించి ఆశ్చర్యపోయిన వాళ్లకి ఈ పద్ధతి కొత్తేం కాదు, పేరే కొత్త.

మరి అన్నీ కుదిరిపోయాయా అంటే లేదు, మనకి పెద్ద దెబ్బే ఉంది. సరళీ వరుసలు మొదలుపెట్టే మాయామాళవగౌళ ఇందులో పట్టదు. దాని అడుగులు 1, 3, 1, 2, 1, 3, 1, అంటే మూడు సైజులు. రెండు సైజులే ఉండాలన్న గీత దగ్గర మన మొదటి పాఠమే బయట నిలబడుతుంది, దానితో పాటు దాని గ్రహభేదం పిల్లలు సింహేంద్రమధ్యమం, రసికప్రియ కూడా. 72 లో చాలా భాగం అంతే. పెద్దది మధ్యది చిన్నది అని మూడు సైజులకి సాగదీసిన పద్ధతులు వచ్చాయి గానీ ఆ సింపుల్‌నెస్ పోతుంది. ఐదు ఎల్ రెండు ఎస్ గొప్పతనమంతా అది వదిలేసిన వాటిలో ఉంది, ఆ వదిలేసిన వాటిలో మన సగం సంగీతం ఉంది, ఇది కొంచెం మింగుడు పడని సంగతే.

ఐదు ఎల్ రెండు ఎస్ అని నోటితో అనడం కూడా బాగోదు కాబట్టి వాటికి మాటలు కట్టే పని కొంతమంది చేశారు, టామ్నామ్స్ అని ఆ పద్ధతి పేరు. ట్యూనింగ్ ఏదైనా సరే అడుగుల లెక్కకే పేరు అన్నది వాళ్ల నియమం. ఐదు ఎల్ రెండు ఎస్ కి డయటోనిక్ అని పాత పేరే ఉంచారు, తిరగేసి రెండు ఎల్ ఐదు ఎస్ అయితే యాంటీడయటోనిక్, రెండు ఎల్ మూడు ఎస్ పెంటిక్, అంటే మన మోహన కుటుంబం. ఐదు ఎల్ మూడు ఎస్ కి ఒనైరోటోనిక్ అని పెట్టారు, గ్రీకులో కల అని అర్థం వచ్చే మాట నించి. సప్తకాన్ని పదమూడు భాగాలు చేస్తే ఇది తేలిగ్గా దొరుకుతుంది, వింటే నిజంగానే తెలిసిన పాట ఎక్కడో జారిపోయినట్టు ఉంటుంది. దాని ఎనిమిది మోడ్లకి (ఒక్కో స్వరాన్ని సా చేస్తే వచ్చే రూపాలకి) ఒక అమెరికన్ రచయిత కథల్లో ఉన్న కలల దేశపు ఊళ్ల పేర్లు పెట్టారు. ఇది పిల్లచేష్ట అని కొట్టిపారేసే వాళ్లున్నారు, కానీ ఖరహరప్రియ, గాయకప్రియ, ఋషభప్రియ అని వరుసగా ప్రియలు కట్టిన మన పేర్లు మాత్రం ఏం చేశాయి, ముందు రెండక్షరాలు లెక్క కోసం, వెనకది చెవి కోసం. ఒక్క తేడా ఉంది, మన పేర్లు మూడు వందల ఏళ్లుగా పాటల్లో నానాయి, ఇవి ఇంకా నానలేదు.

స్వరాల పేర్ల సంగతికొస్తే ఇంకా రంజుగా ఉంటుంది. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవుల కొలువులో శార్ఙ్గదేవుడు 22 శ్రుతులకీ పేర్లు రాశాడు, తీవ్ర, కుముద్వతి, మంద, ఛందోవతి, దయావతి, రంజని, అలా ఉగ్ర, క్షోభిణి దాకా. సా కి నాలుగు, రి కి మూడు, గ కి రెండు, మ కి నాలుగు, ప కి నాలుగు, ధ కి మూడు, ని కి రెండు. ఛందోవతి మీద సా కూర్చుంటుంది, క్రోధ మీద గాంధారం. ఇవి కొలతలు కావు, స్వభావాలు, దీప్త ఆయత కరుణ మృదు మధ్య అని అయిదు జాతులు కూడా కట్టారు. వినడానికి ఎంత బాగున్నా పాఠం చెప్పే వాళ్లెవరూ "ఇక్కడ రౌద్రి పట్టు" అనరు.

వాళ్లు అనేది వేరే. "తోడి గాంధారం" అంటారు, "బేగడ నిషాదం" అంటారు, "సావేరి రిషభం" అంటారు. ఆ స్వరం పన్నెండు స్థానాల్లో ఏదో చెప్తే చాలదు, అది ఎంత కిందకి దిగుతుంది, ఎలా ఊగుతుంది అన్నది ఆ రాగానికే తెలుసు, అందుకని స్వరానికి రాగాన్నే ఇంటిపేరుగా తగిలించేశారు. మైక్రోటోన్‌కి ఇంతకంటే పని చేసే పేరు ఇంకోటి లేదు, పాఠం చెప్పించుకున్న వాళ్లకి వెంటనే చెవిలో మోగుతుంది. చిక్కల్లా చెప్పించుకోని వాళ్లకి అది మూసిన తలుపే.

ఆ తలుపు తియ్యాలని చేసిన ప్రయత్నాల్లో ఒకటి రంగుల పేర్లు. పాడుకోవడానికి వీలుగా ఒక్కో అక్షరం, వా, యో, గు, జో, రు. మూడో హార్మోనిక్ (తీగ మోగినప్పుడు అసలు స్వరంతో పాటు వచ్చే మూడు రెట్ల స్వరం) పేర్చితే వచ్చేవి వా, నిష్పత్తిలో అయిదోది పైన వస్తే యో, కింద వస్తే గు, ఏడోది పైన వస్తే జో, కింద వస్తే రు. అప్పుడు 386 సెంట్ల అంతర గాంధారం యో గాంధారం, పంచమాలు పేర్చుకుంటూ వెళ్తే వచ్చే 408 వా గాంధారం, 316 సాధారణ గాంధారం గు, 267 దగ్గర జో, 435 దగ్గర రు. ముందు ఒక్క అక్షరం చాలు, ఎక్కణ్ణించి పుట్టిందో తెలిసిపోతుంది. చతుశ్రుతి, షట్‌శ్రుతి అన్న మన మాటల్లో కూడా ఇలాంటి కొలతే ఉంది, నాలుగు శ్రుతుల ఎత్తు, ఆరు శ్రుతుల ఎత్తు అని, రోజూ అనేస్తాం గానీ అందులో అంకె ఉందని గుర్తు రాదు.

ఈ యో, వా తేడా హార్మోనియం పెట్టె విప్పితే కంటికి కూడా కనపడుతుంది. సా ఒకటిలో పెట్టుకుంటే మూడో తెల్ల మెట్టు గాంధారం, ఫ్యాక్టరీ నించి 400 సెంట్ల దగ్గర వస్తుంది, తంబురా పక్కన పెడితే 14 సెంట్లు ఎక్కువ, కొంచెం ఎత్తుగా కుచ్చినట్టు ఉంటుంది. రిపేరు చేసే ఆయన ఇత్తడి రీడ్‌ని మొదలు దగ్గర సన్నంగా గీకుతాడు, స్వరం దిగుతుంది, కొన దగ్గర గీకితే ఎక్కుతుంది. అలా 386 కి దించాడు, గాంధారం తీగలో కలిసిపోయింది, బాగుంది. తర్వాత పాడే ఆయన వచ్చి రెండు శ్రుతి పెట్టమన్నాడనుకోండి, ఇప్పుడు అదే రీడ్ ఆయనకి రిషభం, 204 దగ్గర రావాల్సింది 186 దగ్గర మోగుతుంది, చతుశ్రుతి రిషభం మీద సందేహం వచ్చేంత తక్కువ. రీడ్ మారలేదు, సా మారింది. మెట్టు పేరు వేరు, స్వరం పేరు వేరు అని పుస్తకంలో పది పేజీలు రాసినా ఎక్కనిది ఇక్కడ రెండు పాటల్లో ఎక్కేస్తుంది.

22 అన్న మాట మీదే ఇంకో గందరగోళం. 1877 లో బొసాంకే అనే ఆయన మన 22 శ్రుతుల గురించి రాస్తూ వాటిని 22 సమాన భాగాలుగా తీసుకుని చూశాడు, ఒక్కో భాగం 54.5 సెంట్లు. అప్పుడు పంచమం పదమూడో మెట్టు మీద పడుతుంది, 709 సెంట్లు, సహజ పంచమం కంటే 7 ఎక్కువ. ఏడు సెంట్లేగా అనిపిస్తుంది, కానీ ఆరున్నరకి కొంచెం పైన, సా 240 హెర్ట్జ్ పెట్టుకుని తంబురా మీటితే సెకనుకి దాదాపు మూడు సార్లు అలలాగా కొట్టుకుంటుంది, తంబురా సరి చేసే ఎవరైనా అది విని బిరడా ముట్టుకోకుండా ఉండలేరు. మైక్రోటోనల్ వాళ్లకి 22 అంటే ఆ సమాన భాగాలు, మనకి 22 అంటే సమానం కాని శ్రుతులు. ఒకే అంకె, రెండు వస్తువులు, దాని మీద వాదనలు మాత్రం బోలెడు.

ఒకే పేరు రెండు వస్తువులు అన్న జబ్బు రాగాలకి ఇంకా ఎక్కువ. మన తోడి పాడితే హిందుస్తానీ ఆయన భైరవి అంటాడు, ఆయన తోడి మనకి శుభపంతువరాళికి దగ్గర, మన భైరవి మళ్లీ వేరే, ఆయన భైరవ్ మన మాయామాళవగౌళ స్వరాలు. సంస్కృత శాస్త్రాల నించి పేర్లు అన్ని వైపులా పాకాయి, పర్లాకిమిడి గజపతి నారాయణదేవుడి పేరు మీద వచ్చిన సంగీత నారాయణం, తంజావూరులో వెంకటమఖి లెక్క, రెండూ ఒకే శతాబ్దానివి, పేర్ల మూట ఉమ్మడిదే, స్వరాలు మాత్రం ఏ ఊరికి ఆ ఊళ్లో కదిలాయి. ఇది మన ఒక్కళ్ల తంటా కాదు. సేగాహ్ అంటే పారసీలో మూడో చోటు, దూగాహ్ రెండో చోటు, చహార్‌గాహ్ నాలుగో చోటు. టర్కీ వాళ్ల 53 కామాల (చిన్న ముక్కల) లెక్కలో రాస్త్ అనే మొదటి స్వరం నించి సేగాహ్ 385 సెంట్ల దగ్గర, అరబ్బుల 24 పావుల లెక్కలో కాగితం మీద 350. చోటు అదే, ఇల్లు కదిలింది.

బరంపురం వాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మనకి బరంపురం, ఒడియాలో బ్రహ్మపుర, ఇంగ్లీషు పేరు చెప్పి బెంగాల్ వైపు ఎవరినైనా అడిగితే వాళ్ల బహరంపూర్‌కి దారి చెప్తారు. టికెట్ కౌంటర్లో స్టేషన్ కోడ్ బీఏఎం అంటే మాత్రం తప్పు జరగదు. అలాగని ఊరిని బీఏఎం అని ఎవరూ పిలవరు, పెళ్లి శుభలేఖ మీద ఎవరూ వేయరు. పర్లాకిమిడికి పరలాఖెముండి ఎంత దూరమో నది అవతల పాతపట్నం వాళ్లని అడిగితే నవ్వుతారు.

మైక్రోటోనల్ వాళ్లు చివరికి రోజువారీ పనిలో చేసేది ఇదే, రెండు పేర్లూ పక్కపక్కన పెట్టుకుంటారు. స్కాలా అనే సాఫ్ట్‌వేర్ ఉంది, దాని వెంట వచ్చే భండారంలో ఐదు వేలకి పైగా స్కేళ్లున్నాయి, ఒక్కోటి ఒక చిన్న టెక్స్ట్ ఫైల్. మొదటి వరసలో పేరో వివరమో ఏదైనా రాసుకోవచ్చు, సాఫ్ట్‌వేర్ దాన్ని లెక్కలోకి తీసుకోదు, అది మనుషుల కోసం. రెండో వరసలో స్వరాలు ఎన్నో ఆ అంకె. తర్వాత ఒక్కో వరసకి ఒక్కో స్వరం, మధ్యలో చుక్క ఉంటే అది సెంట్లు, చుక్క లేకుండా 5/4 లాగా ఉంటే నిష్పత్తి. సా ని మాత్రం రాయరు, ఉన్నట్టే లెక్క, చివర రెట్టింపు సా రాస్తారు. ఆ సా ఏ ఎత్తులో మోగాలన్నది ఇంకో ఫైల్లో ఉంటుంది, కీబోర్డ్ మీద ఏ మెట్టు దగ్గర మొదలవ్వాలో చెప్పేది. మందిరంలో ఆవిడ ఐదున్నర, పెట్టె దగ్గర ఆయన కాళీ చార్, ఆ ఫైల్లో మెట్టు నంబర్ 56.